మన పందిరి మన చేతులతోనే!

మఠంపల్లి, మట్టపల్లి, పెదవీడు, రఘునాథపాలెం, చౌటపల్లి, యాతవాకిళ్ల, బక్కమంతులగూడెం, గుండ్లపల్లి ఊళ్లలోనూ, చుట్టుపక్కల తండాల్లోనూ పెళ్లి కుదిరిన ప్రతి ఇంటికీ విన్నపం



డెకరేషన్‌కు అడ్వాన్సు ఇచ్చే ముందు ఈ కాగితం ఒక్కసారి చదవండి. ఇచ్చేశాక చదివితే మీకూ లాభం లేదు, మాకూ లేదు.

మేం కట్నాల గురించి మాట్లాడటానికి రాలేదు. కట్నం 1961 నుంచీ చట్టం ప్రకారం నేరం. అయినా ఆగలేదు. దానికి వేరే కాగితం వేయాలి, ఇంతకంటే గట్టి గొంతుతో వేయాలి. బంగారం జోలికీ, భోజనాల జోలికీ పోవడం లేదు. ఇందులో ఉన్నదంతా పందిరి, స్టేజీ, గుమ్మం, శుభలేఖ, తలంబ్రాల పళ్లెం గురించే. ఖర్చు తగ్గించుకోమంటున్నాం, దాచేదేమీ లేదు. దానితోపాటు ఇంకొక మాట కూడా అంటున్నాం: పందిట్లోకి అడుగుపెట్టగానే అది ఎవరింటి పెళ్లో తెలియాలి.

ముందు లెక్క చూద్దాం. స్టేజీ, ఎంట్రన్సు ఆర్చి, పూల గోడ అన్నీ కలిపి యాభై వేలు అనుకోండి. కొందరికి తక్కువే అవుతుంది, కొందరికి ఇంతకు రెండింతలు అవుతుంది. 2025-26లో ‘ఏ’ గ్రేడు వడ్లకు మద్దతు ధర క్వింటాలుకు 2,389 రూపాయలు. అంటే యాభై వేలకు 21 క్వింటాళ్ల వడ్లు కాంటా ఎక్కాలి. సాగర్ ఎడమ కాలువ కింద సాగు చేసేవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు, అది దాదాపు ఒక ఎకరం పంట. కూలికి పోయే ఇంటి లెక్క ఇంకో తీరు. అదే ఏడాది మన రాష్ట్రంలో ఉపాధి హామీ కూలి రోజుకు 307 రూపాయలు. యాభై వేలంటే 163 రోజుల మట్టి పని. ఆ పథకం ఒక ఇంటికి ఏడాది మొత్తానికి హామీ ఇచ్చిందే 100 రోజులు. నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చుకుంటే నెలకు వెయ్యి, ఏడాదికి పన్నెండు వేలు ఒక్క వడ్డీకే పోతాయి, అసలు అట్లాగే కూర్చుంటుంది. కల్యాణలక్ష్మి కింద సర్కారు ఇచ్చేది 1,00,116 రూపాయలు. ఆ చెక్కు చేతికి రాకముందే అందులో సగం, ఒక్క పూట నిలబడే స్టేజీ తినేస్తోంది. 2014లో ఆ సాయం 51,000తో మొదలైంది. సాయం పెరిగినకొద్దీ స్టేజీ కూడా ఎత్తు పెరిగిందని మా అనుమానం.

ఇంత పోసి కొంటున్నదేమిటి? ప్లాస్టిక్ పూలు, థర్మోకోల్ స్తంభాలు, జరీ రంగు గుడ్డలు, రాజుగారి సోఫా. పొద్దున హుజూర్‌నగర్‌లో ఒక జంట వెనకాల నిలబడ్డ పూల గోడే రాత్రికి కోదాడలో ఇంకో జంట వెనకాల నిలబడుతుంది, మర్నాడు మిర్యాలగూడ పోతుంది. ఆల్బమ్‌లో పెళ్లికూతురి ముఖం మీద వేలు పెట్టి మూస్తే అది ఎవరి పెళ్లో చెప్పలేం. గుమ్మం ముందు ఫ్లెక్సీ ఉంటుంది కాబట్టి సరిపోయింది, లేకపోతే చుట్టాలు పక్క ఫంక్షన్ హాల్లో చదివింపులు చదివించి వచ్చేవాళ్లు.

ఇందులో సగం సామాను అసలు వాడకూడనిదే. 2022 జులై 1 నుంచి దేశమంతటా ఒకసారి వాడి పారేసే కొన్ని ప్లాస్టిక్ వస్తువుల మీద నిషేధం ఉంది. ఆ జాబితా చదివితే పెళ్లి సామాన్ల చిట్టా చదివినట్టే ఉంటుంది: అలంకరణకు వాడే థర్మోకోల్, బెలూన్లకు గుచ్చే ప్లాస్టిక్ పుల్లలు, ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు, చెంచాలు, శుభలేఖలకూ మిఠాయి డబ్బాలకూ చుట్టే పల్చటి ప్లాస్టిక్ కవరు, 100 మైక్రాన్ల కంటే పల్చటి ఫ్లెక్సీ. ఎవరు వచ్చి పట్టుకుంటారులే అంటారు. ఎవరూ పట్టుకోకపోవచ్చు. కానీ ఆ థర్మోకోల్ ముక్కలు గాలికి లేచి కాలువలో పడి, తూము దగ్గర పేరుకుని, చివరికి మన పొలంలోకే వస్తున్నాయి. మట్టపల్లి దగ్గర పులిచింతల నీళ్లు నిలబడ్డ ఒడ్డున కాసేపు నడవండి, ఏ సీజన్‌లో ఎన్ని పెళ్లిళ్లయ్యాయో ఒడ్డే చెబుతుంది.

చేతకాదని ఎవరన్నారు?

“ఇవన్నీ మనకు చేతనవుతయా?” అని అడిగే అక్కలకు మా జవాబు ఇది. ఏటా తొమ్మిది రోజులు తంగేడు, గునుగు, బంతి, కట్ల పూలు వరస తప్పకుండా, రంగు పక్కన రంగు కుదిరేటట్టు, మనిషి ఎత్తు బతుకమ్మ పేర్చేది ఎవరు? సంక్రాంతికి వాకిలి నిండా చుక్కల ముగ్గు గీత తెగకుండా వేసేది ఎవరు? మట్టల ఆదివారం నాడు పచ్చి ఆకు చీల్చి చిన్న చిన్న సిలువలు అల్లుకునే పిల్లలు మన ఊళ్ల పిల్లలే కదా! తండాల్లో అవ్వలు అద్దాలు, గవ్వలు, రంగు దారాలు కలిపి కుట్టే పని చూసి పట్నం దుకాణాల వాళ్లు దండం పెడతారు. ఇన్ని చేతులున్న మండలంలో పెళ్లి పందిరికి మాత్రం వేరే ఊరి నుంచి డీసీఎం బండిలో ప్లాస్టిక్ పూలు దిగుతున్నాయి. మనకు పని రాక కాదు, మన పని పెళ్లికి పనికిరాదని ఎవరో అంటే నమ్మాం, అంతే.

వడ్లతో మొదలుపెడదాం

ఈ నేల మీద పుట్టిన అలంకరణ ఏదంటే వరి కంకుల కుచ్చు. గుడి మండపాల్లో, పాత ఇళ్ల వసారాల్లో పిచ్చుకల కోసం వేలాడదీసేవాళ్లు, చాలామందికి గుర్తుండే ఉంటుంది. కృష్ణ నీళ్లు పారే చోట, ఇంటింటా వడ్లు పండే చోట, పెళ్లి పందిరికి దానికంటే సొగసైనదీ చౌకైనదీ ఇంకొకటి లేదు. నేలకొరిగిన కంకులైనా సరే పనికొస్తాయి.

ఒక చిక్కుంది. ఇప్పుడు కోతంతా మిషన్‌తోనే. మిషన్ పొలంలో దిగిందంటే పొడుగు కాడ దొరకదు, గడ్డి ముక్కలై పడుతుంది. అందుకని కోతకు నాలుగైదు రోజుల ముందే, కంకి పసుపు తిరిగి కాడలో ఇంకా కొంచెం పచ్చదనం ఉండగానే, గట్టు పక్కన రెండు మూడు మళ్ల అంచులు కొడవలితో కోసి పెట్టుకోవాలి. కాడ మూరెడు ఉండాలి. ఎండలో వేస్తే పెళుసెక్కి విరుగుతుంది. నీడలో, గాలి తగిలే చోట, కంకులు కిందికి వేలాడేలా కట్టి ఆరబెట్టాలి. అల్లే రోజు పొద్దున కాడల మీద నీళ్లు చిలకరించి తడిగుడ్డలో చుట్టి ఉంచితే మెత్తబడి చెప్పినట్టు వింటాయి. ఇరవై, ముప్పై కంకులు ఒక గుత్తి. మూడు పాయలుగా జడ అల్లి, మొదట్లో ఎర్రదారంతో బిగించి, కంకులన్నీ ఒకేవైపు దిగేలా సర్దాలి. గుమ్మానికి ఒక వరస, స్టేజీ వెనక ఒక తెర మాదిరి, పీటల మీదికి వంగే ఒక పెద్ద కుచ్చు. రాత్రి లైటు పడితే బంగారం పోత పోసినట్టు ఉంటుంది. పైగా అది మీ పొలంలో పండిన బంగారం.

వానాకాలం పంట కోసేసరికి కార్తీక, మార్గశిర ముహూర్తాలు, యాసంగి కోసేసరికి వైశాఖ ముహూర్తాలు. పొలమే పెళ్లికి సిద్ధమై వస్తుంది. మాఘంలో పెళ్లయితే వానాకాలం కంకులే దాచుకోవాలి. వాసానికి వేలాడదీయండి, గుత్తుల మధ్య వేపాకు పెట్టండి, ఎలుకలున్న కొట్టంలో మాత్రం పెట్టకండి. పొలం లేనివాళ్లు అడిగితే ఏ రైతూ రెండు కట్టల కంకులకు కాదనడు. పెళ్లయ్యాక వసారాకు కడితే నెల రోజులు పిచ్చుకలకు మేత.

తలంబ్రాల మాట కూడా ఇక్కడే చెప్పాలి. ఈ మధ్య పళ్లెంలో రంగు థర్మోకోల్ గోళీలు, మెరుపు పొడి కలుపుతున్నారు. వడ్లు పండే మండలంలో పెళ్లికూతురి తల మీద థర్మోకోల్ పోయడం ఏమిటి! భద్రాచలం సీతారాముల కల్యాణానికి గోదావరి జిల్లాల భక్తులు వడ్లను గోటితో ఒలిచి బియ్యం పంపుతారు. గోటి తలంబ్రాలంటే అవే. మనం అన్నీ గోటితో ఒలవక్కర్లేదు. పెళ్లికి వారం ముందు అమ్మమ్మలూ నాయనమ్మలూ మనవరాళ్లూ ఒక సాయంత్రం కూర్చుని దోసెడు ఒలిస్తే చాలు. మిగతావి మీ పొలం వడ్లు మర పట్టించిన బియ్యమే, పసుపు, నెయ్యి రాసి. పసుపులో సున్నం కలిస్తే ఎర్రబడుతుంది, పారాణి అట్లాగే చేస్తాం. సున్నపురాయి మీద కూర్చున్న మండలం మనది, రంగు పొడులు కొనే పని లేదు.

ఏ నెలకు ఏ పువ్వు

పువ్వులు బుట్టలు బుట్టలుగా కొంటే చేతి పనైనా చౌక కాదు, ఆ సంగతి ముందే చెబుతున్నాం. ముహూర్తాల రోజున బంతిపూల ధర ఎట్లా ఎగురుతుందో అందరికీ తెలుసు. అందుకే పెళ్లి ఖాయం కాగానే మొదటి పని బంతి నారు. పెరట్లోనో, చెలక గట్టునో, మిరప చేను చుట్టూనో వేయండి. విత్తనం నాటిన రోజు నుంచి పూత బాగా అందుకోవడానికి రెండు నెలలకు పైనే పడుతుంది, రెండున్నర నెలల ముందు పోస్తే తొందర ఉండదు. మొక్క నెల దాటాక తల తుంచితే పక్క కొమ్మలు వేసి పూలు ఎక్కువిస్తుంది. పక్కింటివాళ్లూ నాలుగు సాళ్లు వేస్తే పందిరి మొత్తానికి సరిపోతాయి.

మాఘ, ఫాల్గుణాల్లో పెళ్లయితే మోదుగ చెట్టు ఆకు రాల్చి ఎర్రగా నిలబడి ఉంటుంది, ఆ పువ్వు ముందు ఏ ప్లాస్టిక్ పువ్వూ నిలవదు. దసరా ముందు గునుగు కోసి కట్టలు కట్టి ఆరబెట్టుకుంటే కార్తీకం పెళ్లిళ్లకు రంగు అద్ది వాడుకోవచ్చు, ఎండినా రాలని పువ్వు అది. చర్చి పెళ్లిళ్లు తపస్సు కాలంలో పెట్టుకోరు గనుక చాలా పెళ్లిళ్లు ఈస్టర్ దాటాక, ఎండల్లో వస్తాయి. మఠంపల్లి శుభవార్త చర్చిలో అయినా, చిన్న ఊరి చర్చిలో అయినా ఎండకు వాడని వాటితో సర్దుకోవడం మేలు: లేత తాటాకు పూలు, వరి కుచ్చులు, గుడ్డ పూలు, మట్టి ప్రమిదలు, బెంచీ బెంచీకి ఒక చిన్న ఆకు గుత్తి. ముస్లిం ఇళ్లలో సెహరా ఇప్పటికీ మల్లె మొగ్గలు గుచ్చి ఇంట్లోనే కడుతున్నవాళ్లున్నారు, కొన్న మెరుపు సెహరా వైపు పోకండి.

వైశాఖ, జ్యేష్ఠాల్లో మన దగ్గర ఎండ 45 డిగ్రీల దాకా పోతుంది. రేకుల హాల్లో జనం చెమటలు కక్కుతూ శుభలేఖలతో విసురుకుంటుంటారు. ఆ శుభలేఖే విసనకర్ర అయితే? తాటాకు విసనకర్ర మీద ఒకవైపు అమ్మాయి అబ్బాయి పేర్లు, రెండోవైపు ముహూర్తం, వేదిక పేరు. పోస్టర్ రంగుతో, సన్న కుంచెతో బడి పిల్లలు కూడా రాయగలరు. దగ్గర చుట్టాలందరికీ అదే పిలుపు, అదే కానుక. దాన్ని ఎవరూ పారేయరు, వచ్చే ఎండాకాలం దాకా చేతిలో తిరుగుతుంది. తాటాకు కోసం గౌడన్నలను అడగండి, డబ్బు ఇచ్చి అడగండి, ఏ చెట్టు మొవ్వ ఎంత తీయవచ్చో వాళ్లకు తెలుసు. తెలియని చేయి పడితే చెట్టు దెబ్బతింటుంది.

కార్డే కావాలంటారా, చేయండి. ఇంట్లో పెద్దాయన చేత తెల్ల కాగితం మీద ఆయన చేతిరాతతోనే పిలుపు రాయించి, జిరాక్స్ తీసి, నాలుగు మూలలా పసుపు పెట్టండి. ఆయన తరవాత ఆ రాత ఇంట్లో ఉండిపోతుంది.

పేర్లున్న గుడ్డలు, పాత చీరలు

స్టేజీ వెనక కట్టడానికి మీ ఇంటి పెట్టెలో ఉన్న చీరలకంటే మంచి గుడ్డ లేదు. అమ్మ పెళ్లి చీర, నాయనమ్మ గద్వాల, అత్త పోచంపల్లి. చిల్లులున్న చోట మడత వేయండి, గుచ్చకుండా బట్టల క్లిప్పులతో పట్టించండి. వచ్చిన ముసలమ్మ స్టేజీ ముందు ఆగి “ఇది నీ మేనత్త కట్టిన చీర కదే” అంటుంది. ఆ మాట అద్దె గుడ్డకు రాదు.

పెళ్లిలో ఇద్దరి మధ్య పట్టే అడ్డుతెర ఉంది చూశారా, అందరి కళ్లూ దాని మీదే ఉంటాయి. దాన్ని మాత్రం తెల్లగుడ్డ తెచ్చి ఏదో ఒకటి పట్టేస్తున్నాం. తోబుట్టువులు, నేస్తాలు కలిసి కుట్టాల్సినది అదే అని మా అభిప్రాయం. ఒక మూల పిల్ల చదివిన బడి, ఒక మూల పిల్లవాడి ఊరి చింతచెట్టు, మధ్యలో రెండిళ్ల పేర్లు. కుట్టు రానివాళ్లు రంగు వేయండి. అద్దాల పని కావాలంటే తండా అక్కల దగ్గరికి పోయి బేరమాడకుండా చేయించుకోండి, రెండు నెలల ముందే చెప్పండి. అడ్డుతెర బిడ్డ పుట్టాక ఉయ్యాలకు కప్పుకోవచ్చు.

గోడలకు సున్నం, అంచున జాజు పట్టీ, గడపకు పసుపు, వాకిట్లో ముగ్గు. వీటి ఖర్చు ఎంతో మీకు తెలుసు. ఫ్లెక్సీ బదులు నాలుగు గజాల కోరా గుడ్డ మీద పేర్లు రాయించండి. ఫ్లెక్సీలు వచ్చి బోర్డులు రాసే ఆర్టిస్టుల కుంచెలు ఎండబెట్టాయి. మన చుట్టుపక్కల ఇప్పటికీ ఒకరిద్దరు మిగిలే ఉన్నారు, వెతికి పట్టుకోండి. పిల్లలకు పతంగుల కాగితం, సుతిలి, మైదా జిగురు ఇచ్చి ఒక గది అప్పజెబితే చాలు, వాడకట్టంతా తోరణాలు కట్టేస్తారు. వానొస్తే తడిసి రంగు కారుతుంది, నిజమే. అవి ఇంటి లోపలికే పెట్టుకుని బయటికి మామిడాకు కట్టండి.

ఊరికే ఎవరినీ అడగొద్దు

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. ఐరేని కుండలు మేళంతో పోయి కుమ్మరింటి నుంచి తెచ్చుకుంటాం. సున్నం చుక్కలు, జాజు గీతలు పెట్టిన ఆ కుండల వరస ఉన్న చోట ఇంకో అలంకరణ ఎందుకు? వాటితోపాటు మరో నాలుగు కుండలు అడగండి, గుమ్మానికి రెండువైపులా పేర్చండి. మేదరి బుట్టలు తెచ్చి పూలకు, పళ్లకు, ఒడిబియ్యానికి వాడండి. కానీ అడిగినంత ధర ఇచ్చి తెచ్చుకోండి.

ఎందుకంటే మన జిల్లాకు ఈ విషయంలో పాత గాయం ఉంది. నిజాం కాలంలో దొర ఇంట్లో పెళ్లంటే కుమ్మరి కుండలు ఊరికే ఇవ్వాలి, చాకలి, మంగలి, మాదిగ, అందరూ కూలి లేకుండా చాకిరీ చేయాలి. ఆ వెట్టి మీదనే అప్పటి నల్లగొండ జిల్లా పల్లెలు కర్ర పట్టాయి. ఆ పోరాటంలో ఉన్నవాళ్లు రెండు దండలు మార్చుకుని, నలుగురి ముందు మాట ఇచ్చుకుని పెళ్లిళ్లు చేసుకున్నారు, దండల పెళ్లిళ్లని ఇప్పటికీ పెద్దవాళ్లు చెబుతారు. వాళ్ల పెళ్లిళ్లకు స్టేజీ లేదని ఎవరూ చిన్నచూపు చూడలేదు. కాబట్టి “మనూరోడే కదా, నాలుగు కుండలు ఊరికే ఇవ్వలేడా” అనే మాట పెళ్లింట్లో వినపడకూడదు. స్టేజీకి పోసే దాంట్లో పదో వంతు కుమ్మరికీ మేదరికీ తండా అక్కలకూ గౌడన్నలకూ పోతే, ఆ డబ్బు మన సంతలోనే తిరుగుతుంది.

“మనకేం తక్కువని?”

ఈ మాట మేనమామ దగ్గర నుంచి వస్తుంది, మాకు తెలుసు. ఆయన మనసు మంచిదే, మేనకోడలికి ఏదీ తక్కువ కాకూడదని. మామా, ఆ యాభై వేలు పిల్ల పేరున పోస్టాఫీసులో వేయించు, ఆ రసీదు పందిట్లో మైకులో చదివించు, తక్కువ ఎక్కడుందో అప్పుడు చూద్దాం.

మగపిల్లవాడి తరఫువాళ్లు ఏమనుకుంటారోననే భయం ఇంకొకటి. దానికి మందు ముందే చెప్పుకోవడం. లగ్నపత్రిక రాసుకునే రోజునే వియ్యంకులతో మాట్లాడండి: పందిరి మేం వేస్తాం, కుచ్చులు మీ పొలంవి తెండి, అడ్డుతెరలో సగం మీ పిల్లలు కుట్టండి అని. రెండిళ్ల చేయి పడితే ఎగతాళి చేసే నోరు ఉండదు. పెళ్లి రోజున తెలిస్తే మాత్రం తప్పకుండా అలుగుతారు.

ఆడవాళ్లు అడిగే ప్రశ్నకు మాత్రం మేం తల వంచుకోవాలి. “పిండివంటలు మేమే, పసుపు దంచేది మేమే, చుట్టాల మంచీచెడ్డా మేమే, ఇప్పుడు పూల గోడ కూడా మేమేనా?” న్యాయమైన మాట. అందుకే షరతు పెడుతున్నాం: అలంకరణ పని మగవాళ్లది. పెళ్లింట్లో పేకాట చుట్టూ కూర్చునే చేతులు ఎన్ని ఉంటాయో లెక్కపెట్టండి, తోరణాలకు అవి చాలు. రంగులు ఎట్లా కుదరాలో అక్కలు చెప్పాలి, కట్టేది బావలు.

అన్నీ ఇంట్లోనే చేయాలని మూర్ఖంగా పట్టుపట్టవద్దు. కరెంటు, జనరేటరు, మైకు, షామియానా, ఎత్తు మీద కట్టే పని తెలిసినవాళ్లకే వదలండి. డెకరేషన్ పని చేసే కుర్రాళ్లు కూడా మన ఊళ్ల పిల్లలే. వాళ్ల పొట్ట కొట్టమని ఈ కాగితం చెప్పడం లేదు. ఫ్రేములు, కుర్చీలు, లైట్లు వాళ్ల దగ్గర అద్దెకు తీసుకోండి, కట్టే కూలి మాట్లాడుకోండి, ప్లాస్టిక్ పూలూ థర్మోకోలూ మాత్రం వద్దని చెప్పండి. తెలివైనవాడు రేపటి నుంచి వరి కుచ్చుల డెకరేషన్ తనే మొదలుపెడతాడు. మంచిదే కదా.

నిప్పు జాగ్రత్త. ఎండు తాటాకు, కంకులు, కాగితం అంటుకుంటే ఆగవు. హోమగుండానికీ, వంటల పొయ్యికీ దూరంగా కట్టండి, వేడెక్కే పాత బల్బుల పక్కన పెట్టకండి, స్టేజీ వెనక రెండు బిందెల నీళ్లు, ఒక ఇసుక బకెట్టు ఉంచండి. ఈ ఒక్క విషయంలో “ఏం కాదులే” అనొద్దు.

ఊరికొక పెళ్లి పెట్టె

సిద్దిపేట జిల్లాలో పల్లెల్లో స్టీల్ బ్యాంకులు పెట్టారు. స్టీలు కంచాలు, గ్లాసులు, గిన్నెలు మహిళా సంఘాల దగ్గర ఉంటాయి, పెళ్లికైనా పేరంటానికైనా తీసుకెళ్లి వాడి కడిగి తిరిగి ఇస్తారు. ప్లాస్టిక్ ప్లేట్ల గొడవ అట్లా తగ్గించుకున్నారు. మన దగ్గర కూడా సంఘాలున్నాయి, లెక్క రాసే అక్కలున్నారు. కంచాలతోపాటు మనం అలంకరణ సామాను కూడా ఒక పెట్టెలో పెడదాం. పందిరికి కట్టే పది పన్నెండు రంగుల నేత గుడ్డలు, సీరియల్ లైట్ల సెట్లు, ఇత్తడి కుందులు, వెదురు ఫ్రేములు, మేదరి బుట్టలు, ఒక నిచ్చెన, బట్టల క్లిప్పులు. ఒక ఇల్లు కొనాలంటే భారం. ఊరంతా ఇంటికి ఇంత వేసుకుంటే మొదటి సీజన్‌లోనే సమకూరుతుంది. తీసుకెళ్లిన వాళ్లు నామమాత్రపు అద్దె కట్టాలి, పెళ్లయిన మూడో రోజుకు ఉతికి తిరిగి ఇవ్వాలి, చిరిగితే కుట్టించాలి. ప్రతి పెళ్లి ఆ పెట్టెలో ఒక వస్తువు అదనంగా వేసి పోవాలని ఒక కట్టుబాటు పెట్టుకుంటే పెట్టె తనంతట తనే పెరుగుతుంది. కులం చూసి ఇచ్చే పెట్టె మాత్రం మాకొద్దు. ఆ పనయితే ఇప్పుడే చెప్పండి, ఇక్కడితో ఆపేద్దాం.

ఇప్పుడు ఏం చేయాలంటే

వచ్చే అమావాస్య నాడు ఎట్లాగూ అరకలు కట్టం. ఆ సాయంత్రం ఎవరి ఊళ్లో వాళ్లం బొడ్రాయి దగ్గర కలుద్దాం. తండాల్లో సేవాలాల్ గుడి దగ్గర, చర్చి వాడల్లో ప్రార్థన అయ్యాక చర్చి ఆవరణలో. ఉపన్యాసాలు ఉండవు. కుచ్చు అల్లడం వచ్చిన పెద్దాయన ఒకరు, ఆకు కోయడం తెలిసిన గౌడన్న ఒకరు, కుట్టు వచ్చిన అక్క ఒకరు కూర్చుని చేసి చూపిస్తారు, మిగతావాళ్లం చేతులు పెడతాం. పెళ్లి పెట్టె ఏ సంఘం దగ్గర ఉండాలో, అద్దె ఎంతో అక్కడే తేలుద్దాం.

పెళ్లి కుదిరిన పిల్లలు తప్పకుండా రండి, పెళ్లి మీది. కాలేజీ పిల్లలు ఫోన్లు తెచ్చుకోండి, వీడియో తీయండి, తీయడం అయ్యాక ఫోన్ జేబులో పెట్టి రెండు తోరణాలు కట్టండి. ఊళ్లో ఈ సీజన్‌లో మొదటి ముహూర్తం ఎవరిదో ఆ ఇంటి పందిరికి అందరం పోదాం, ఏ కులమైనా ఏ మతమైనా సరే.

కత్తెర, సుతిలి, పెద్ద సూది ఎవరివి వాళ్లు తెచ్చుకోండి. మైదా జిగురు మేం ఉడికించి తెస్తాం. పొలం కోతకు దగ్గర పడ్డవాళ్లు రెండు కట్టల కంకులు కోసుకుని రండి, మిషన్ దిగకముందే.

ఇట్లు,
మఠంపల్లి మండలంలోని పెళ్లి ఇళ్ల వాళ్లం, వాళ్ల ఇరుగుపొరుగు వాళ్లం

గమనిక: చివరి పేజీలో సగం ఖాళీగా వదిలాం. మీ ఇంటి పెళ్లికి అలంకరణ లెక్క అక్కడ రాసుకోండి, అమావాస్య నాడు వచ్చేటప్పుడు ఈ కాగితం వెంట తెచ్చుకోండి.